వీరాయి మీద మూడు దేశాల దయ

మానవతా వీసా కనిపెట్టినవాడికి గుడి కట్టించాలి. ఉన్నదంతా పోగొట్టుకున్నవాళ్ళను పెద్ద దేశాలు పేరుపెట్టి పిలుస్తుంటే ఇంకా ఈ సణుగుడేమిటండీ? నమ్మకం లేకపోతే వీరాయి సంగతి వినండి.

వీరాయి తమిళనాడులో పొల్లాచ్చి దగ్గర శరణార్థుల క్యాంపులో ఉంటుంది. కొబ్బరికాయలు కొట్టి ఎండబెట్టే పని. తాతది ఆ తమిళనాడులోనే పెరియకుళం, ఇంట్లో మాట తెలుగు. ఆయన తేయాకు తోటల్లో కూలికని సిలోన్ వెళ్ళాడు. వీరాయి అక్కడే పుట్టింది. గొడవల్లో ఇల్లు తగలబడితే, తల్లి ఆమెనూ చంటిపిల్ల తిలకవతినీ పడవెక్కించి ఈ గట్టుకు చేర్చింది. తర్వాత తిలకవతి పెళ్ళి చేసుకుని ఒక చలిదేశం వెళ్ళిపోయింది. అక్కాచెల్లెళ్ళు కళ్ళారా చూసుకుని ఏళ్ళు గడిచాయి.

ఆ చలిదేశమే నిర్వాసితులకు మానవతా వీసాలు ప్రకటించింది. వీరాయి కోయంబత్తూరులో ట్రావెల్స్ నడిపే రఘురామన్ దగ్గరికి పరుగెత్తింది. ఆయనా తెలుగు ఇంటివాడే. ఆమెను ఇంటర్వ్యూకి తయారు చేశాడు.

“ఏడవాల వీరాయీ. అట్లని రొంబ ఏడిస్తే నాటకమంటారు. ఏడవకుంటే కష్టమే లేదంటారు.”

“ఎంత ఏడిస్తే సరిపోతాది సార్?”

“కన్ను తడవాల. ముక్కు కారకూడదు.”

ఎంత శాస్త్రీయమైన పద్ధతి! మన దగ్గర చావింట్లో కూడా ఇంత లెక్క లేదు.

ఇంటర్వ్యూ రోజు కంప్యూటర్ తెర మీద ఒక దొరసాని, పక్కన తమిళ దుబాసీ కనిపించారు. ఇప్పుడు నీ ప్రాణానికి ముప్పుందా అన్నది మొదటి ప్రశ్న. లేదంటే వీసా దేనికి? ఉందంటే ఇన్నాళ్ళు ఎలా బతికావు? వీరాయి తమిళంలో ఎలాగో నెట్టుకొచ్చింది. చివరికి, ఇల్లు కాలిన రోజు మీ అమ్మ ఏమన్నదని అడిగారు.

తల్లి నోటి మాటను తమిళంలోకి ఎలా మారుస్తుంది?

“‘పారిపో పాపా, ఎనక్కి చూడొద్దు’ అనింది మాయమ్మ,” అని తెలుగులో అనేసింది. ముక్కు కూడా కారింది.

దుబాసీ చెయ్యెత్తి ఆమెను ఆపాడు. ఇది తమిళం కాదని దొరసానికి చెప్పాడు.

కొన్నాళ్ళకు జవాబొచ్చింది. అభ్యర్థి మాతృభాష ఇండియాది, తాతముత్తాతల దేశంలోనే క్షేమంగా ఉంది, కనుక నిర్వాసితురాలు కాదు. చూశారా ఉదారత? వీసా ఇవ్వకపోయినా ఒక దేశం ఇచ్చారు.

వీరాయి ఏడుస్తుంటే రఘురామన్ ఓదార్చాడు. “ఇదీ మంచికే. నువ్వు ఇండియాదానివని ఫారిన్‌వాళ్ళే చెప్పినారు కదా. పోయి ఇక్కడ పౌరసత్వం అడుగు.”

అడిగింది. ఆఫీసులో అధికారి ఆ కాగితం చదివి నవ్వాడు. ఆయనదీ తెలుగు ఇల్లే.

“నీ తెలుగు బాగుండాదమ్మా, మా అవ్వ మాట్లాడినట్లే ఉండాది. అయినా నువ్వు సిలోన్‌దానివి. పడవలో వచ్చినవాళ్ళకు మాట ఒక్కటీ చాలదు, ప్రూఫ్ కావాల.”

వీరాయి కాగితం మడిచి కొంగున కట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“సిలోన్‌లో మమ్మల్ని ఇండియావాళ్ళని చెప్పే కదా సార్ ఇల్లు కాల్చినారు. ప్రూఫ్ అడక్కుండా నమ్మింది వాళ్ళొక్కరే.”