సీలు వేసిన మర

స్వతంత్ర భారతదేశంలో ఒక మరను పావుచుట్టు తిప్పడానికి ఎంతమంది అధికారులు కావాలన్న ప్రశ్నకు మా బెళుగుప్ప వైపు సమాధానం దొరికింది. ఎంతమందైనా చాలరు.

మూడేళ్ళు వరసగా వాన ఎగ్గొట్టిన మా ఊరికి సర్కారు దయవల్ల ఒక కుట్టుమిషన్ వచ్చింది. (వాన లేదని మొర పెట్టుకుంటే మిషన్ ఇచ్చారేమని గొణిగినవాళ్ళకు ప్రణాళికలంటే ఏమిటో తెలియదు.) దాన్ని భర్త పోయిన మస్తానాబీకి అప్పగించారు. షరతు ఒక్కటే. నెలాఖరుకు బడిపిల్లలకు పది చొక్కాలు శుభ్రమైన కుట్టుతో ఇవ్వాలి. ఇస్తే మిషన్ ఆమెది. లేకుంటే బండెక్కి పక్క ఊరికి పోతుంది.

మొదటి చొక్కాకే గుడ్డ అడుగున దారం ఉంగరాలు తిరిగి కుచ్చులా వేలాడింది. పైదారం వదులైతే అడుగున అట్లా అవుతుంది. మిషన్ ముఖాన ఉన్న చిన్న మరను, అదే స్క్రూను, కుడికి కాస్త తిప్పితే చాలు. కరువులో అమ్ముకునేదాకా ఇరవై ఏళ్ళు మిషన్ తొక్కినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు. (ఐదో తరగతిలో బడి మానేసినవాడికి తెలిసినదాన్ని ఫైల్లో పెట్టే పద్ధతి లేదు.) అయితే ఆ మర మీద లక్కసీలు ఉంది. సర్కారు సొత్తును జనం తిప్పకుండా చేసిన ఏర్పాటు.

"సీలు పీకేద్దామా అన్నా?" అంది మస్తానాబీ.

"పీకితే మిషన్‌తో పాటు నిన్ను గూడా ఎత్తుకపోతారు," అన్నాను.

అర్జీ పెట్టుకున్నాక దారపు బిగువు తనిఖీదారు దివాకర్ గారు జీపులో వేంచేశారు.

"చిక్కు యాడుండాదమ్మా?"

"గుడ్డ కింద సార్. పైదారం లూజుండాది. ఆ మర రవ్వంత తిప్పండి, సాలు."

"కింద చిక్కు పడితే పైదాన్ని తిప్పమంటావా? బలేదానివే!"

"మిషన్ గుణమే అట్లాంటిది సార్. నేను పెట్టింది కాదు."

అడుగున కనిపించే లోపానికి అడుగువారే బాధ్యులన్న నియమం ప్రకారం, కిందిదారం చుట్టే బాబిన్‌ను దోషిగా తేల్చారు. దాన్ని కాగితంలో చుట్టి, గుత్తిలో రైలెక్కించి పరీక్షకు పంపారు. బాబిన్ లేని మిషన్ కుట్టదు. పదిరోజులకు రిపోర్టు వచ్చింది: 'బాబిన్ తీసిన తరువాత చిక్కు పడలేదు. ఫిర్యాదు పరిష్కారమైనది.'

నెలాఖరుకు ఇంకా ఆరురోజులుంది. మస్తానాబీ చేతిసూది పట్టుకుని గడపలో కూర్చుంది. మిషన్ కుట్టులాగే దగ్గరదగ్గరగా, వేళ్ళకు పీలికలు చుట్టుకుని, పది చొక్కాలూ కుట్టింది.

దివాకర్ గారు ఒక్కొక్క చొక్కా తిరగేసి చూశారు.

"చూడు! యాడన్నా చిక్కుండాదా?"

"లేదు సార్."

"మరి ఊరికే మిషన్ని ఆడిపోసుకుంటివే!"

మస్తానాబీ పీలికలు చుట్టిన వేళ్ళను కొంగుచాటుకు లాక్కుంది. చేతికుట్టని తెలిస్తే మిషన్ పోతుంది.

మిషన్ ఆమెకే దక్కింది. బాబిన్ ఇంకా పరీక్షలోనే ఉంది. మొన్న ఉత్తర్వు అందింది: 'కిందిదారం లేకుండానే కుట్టు ఇంత గట్టిగా వచ్చుచున్నందున, వచ్చే సంవత్సరం నుండి అన్ని కేంద్రములకు దారం సగమే ఇవ్వబడును.'