కాకి కోరిన మరమ్మతు

ఆ ఉదయం మహేశ్వర్ వేసుకున్న పథకంలో కష్టమైనదేదీ లేదు. ఎండ ముదరకముందే అందరితో కలిసి చెలకకు పోవాలి. మూడు రోజుల కింద తండ్రి గట్టయ్యను పూడ్చిన చోట విస్తరి వేసి పిట్టకు పెట్టాలి. కాకి ముట్టగానే తల్లి సత్తమ్మ చేత నాలుగు ముద్దలు తినిపించాలి. మొదటి రెండు పనులమీద అతనికి నమ్మకం లేదు. మూడోదాని కోసమే మొదటి రెండూ.

భర్త పోయిన నాటి నుంచి సత్తమ్మ చాయ తప్ప ఏమీ పుచ్చుకోలేదు. ముందురోజు ఊరి డాక్టరు గ్లూకోజు సీసా తెస్తే దాన్నీ తిప్పి పంపింది. "నోట్లకెల్లి పోయినా తిండే, నరంల పోయినా తిండే. పెండ్లయిన కాడి నుంచి ఆయన తిన్నంకనే తిన్న. ఆయన తిననీ, నేను తింట." డాక్టరు మహేశ్వర్‌ను పక్కకు పిలిచి, రేపటికీ ఇదే వరస అయితే సూర్యాపేట దవాఖానలో వేయవలసి ఉంటుందని, వేసినా మాట ఇవ్వలేనని చెప్పాడు.

విస్తరిలో అన్నం, బోటీ కూర, పక్కన కల్లు సీసా, బీడీ కట్ట పెట్టారు. తుమ్మచెట్టు మీద కాకులు వాలాయి. బంధువులు నలభై మంది దాకా విస్తరి చుట్టూ కూర్చుని వాటినే చూస్తున్నారు. అంతమంది కళ్లు అట్లా నిలిపి చూస్తుంటే తాను కూడా తినలేడని మహేశ్వర్ అనుకున్నాడు. ఆ మాట పైకి అనలేదు. నమ్మకం లేనివాడి మాటకు అటువంటి చోట విలువ ఉండదు.

ఎండ ఎక్కింది. కాకి దిగలేదు. చిన్నాయన బీరన్న లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు. ఊళ్లో ఎవరు పోయినా పిట్టను బతిమాలే బాధ్యత ఆయనదే.

"అన్నా, వదినెను మేం సూసుకుంటం. పరేషాన్ గాకు. వచ్చి తిను."

కాకి మెడ తిప్పి ముక్కుతో రెక్క గోక్కుంది.

"ఒడ్డు సంగతా? నీ దిక్కు జరిపిన ఒడ్డు మల్ల ఎన్కకు జరుపుత. ఇగ రా."

బీరన్న అన్న చెలకలోకి గట్టు జరిపిన సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అందరూ బీరన్న వైపు చూశారు. కాకి మాత్రం చూడలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి మాట ఇవ్వసాగారు. అక్క శోభ ఇకపై తల్లితో ఎదురు మాట్లాడనంది. భర్త శ్రీనును వెనుకనుంచి పొడిచింది. శ్రీను లేచి, "మామా, రేపటి సంది మందు బంద్" అన్నాడు. మాట అయిపోగానే కాకివైపు భయంగా చూశాడు. అది కదలలేదు. శ్రీను తృప్తిగా కూర్చున్నాడు.

"బండే," అన్నాడు బీరన్న ఉన్నట్టుండి. "అన్న పానం బండి మీదున్నది."

అందరూ ఔనన్నారు. గట్టయ్య సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంగళ్లలో గొర్లు కొని అమ్మేవాడు. ట్యాంకు మీద ఒక గొర్రెపిల్లను పడుకోబెట్టుకుని ఆ పాత బండి మీదే మూడు ఊళ్లూ తిరిగేవాడు. ఏడాదిగా ఇంజన్‌లో గరగరమని చప్పుడు. బండి మోతె ఊరికి పోయే రోడ్డు మలుపులో ఉండగానే వాకిట్లో కుక్క లేచేది, సత్తమ్మ కంచం కడిగేది, బడిలో పిల్లలు మధ్యాహ్నమైందని పుస్తకాలు మూసేవారు. పదిరోజుల కింద ఆ చప్పుడు కాస్తా ఆగిపోయి, బండి సూర్యాపేట మెకానిక్ మంగ్త్యా దగ్గరికి చేరింది. వారం తర్వాత, బండి లేని గట్టయ్య నడుచుకుంటూ అంగడికి పోయాడు. ఎండదెబ్బతో ఇంటికి వచ్చాడు. సాయంత్రం చుట్టూ చేరినవాళ్లు ఏదైనా గొప్ప మాట చెబుతాడని వంగి విన్నారు. "బండి అయిందా?" అని అడిగి పోయాడు.

"పొద్దుగూకేలోపు బండి గీడికి రావాలె," అన్నాడు బీరన్న. "పొద్దుగూకినంక పిట్ట రాదు. మల్ల రేపే."

మహేశ్వర్ తల్లివైపు చూశాడు. ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. పెదవులు ఎండి తెల్లగా పొట్టు లేస్తున్నాయి. మరో రేపు ఆమెకు ఉన్నట్టు అతనికి తోచలేదు. బావ శ్రీనును అతని బండి తాళం అడిగాడు.

"నేనొస్త బామ్మర్దీ," అన్నాడు శ్రీను. అక్కడే కూర్చుంటే ఇంకేం మాట ఇవ్వవలసి వస్తుందోనని అతని భయం.

బీరన్న ఒక ఏర్పాటు చెప్పాడు. "నా ఫోన్ల పైసలు ఎక్కువ లెవ్వు. నడుమల పిట్ట ముట్టితే ఒక మిస్డ్ కాల్ ఇస్త, ఎన్కకు రాండ్రి. ముట్టకుంటె రెండు ఇస్త, కానియ్యుండ్రి."

మంగ్త్యా షెడ్డులో గట్టయ్య బండి పొట్ట విప్పి ఉంది. మంగ్త్యా ఒక గుడ్డలోంచి నల్లటి పట్టీ ముక్కలు రెండు తీసి చూపించాడు.

"టైమింగ్ చైన్ గైడ్ అన్నా. లోపల చైన్ ఊగకుండ గిది ఆనుకొని ఉంటది. అరిగి అరిగి ఇరిగింది. ఏడాది సంది మొత్తుకుంటనే ఉన్న, గట్టయ్య కాక ఇంటె గదా. చప్పుడు లేకుంటె నిద్రొస్తదనేటోడు."

"ఎంత సేపట్ల అయితది?"

"సామాన్ దొరికితే రెండు గంటలు."

"దొరకకపోతే?"

"దొరికిందాక."

పాత మోడల్ కావడంతో సూర్యాపేటలో ఎక్కడా లేదు. కోదాడలో ఉండవచ్చన్నాడు. విరిగిన ముక్కలు జేబులో వేసుకుని ఇద్దరూ కోదాడ దారి పట్టారు. నమ్మకం ఉన్న నలభై మంది నీడన కూర్చున్నారని, నమ్మకం లేని తానొక్కడే ఎండలో తిరుగుతున్నానని మహేశ్వర్‌కు దారిలో తోచింది. నమ్మకానికి చెల్లించే వెల ఎప్పుడూ పక్కవాడి మీదే పడుతుందేమో అనుకున్నాడు. ఎదురుగాలికి ఆ ఆలోచన నిలవలేదు.

కోదాడలో స్పేర్ పార్టుల దుకాణం శశిధర్ అనే ఆయనది. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, మర్యాదైన మనిషి. మహేశ్వర్ ముక్కలు బల్ల మీద పెట్టే లోపలే, జాలి కలిగితే పని త్వరగా అవుతుందని శ్రీను ముందుకు వంగాడు.

"సారూ, మా మామ పోయి మూడు రోజులు. గీ ముక్కనే తిన్నది మా మామను."

శశిధర్ ముఖంలో రంగు మారింది. ముక్కలను ముట్టుకోకుండా చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అది మా దగ్గర కొన్నది కాదండి."

"కొన్నదని ఎవరన్నరు?" అన్నాడు మహేశ్వర్. "అసొంటిదే కావాలె."

"ఇంకోటి ఎందుకండి? ఒకటి జరిగాక మళ్లీ అదే ఎందుకు అడుగుతున్నారు? మీరు ఎవరి తరఫున వచ్చారు?"

"కాకి తరఫున," అన్నాడు శ్రీను నిజాయితీగా. "ఆడ విస్తరి కాడ నలభై మంది కూసున్నరు. ఇది తెచ్చిందాక లేవరు."

నలభై మంది కూర్చున్నారన్న మాట శశిధర్ లోపల సూటిగా దిగింది. ధర్నా టెంటు, జెండాలు, తన బోర్డు మీద రాళ్లు అతని కళ్ల ముందు కదిలాయి. షట్టరు సగం దించి లోపలికి పోయి, ఒక గైడ్‌ను కాగితంలో చుట్టి తెచ్చి మహేశ్వర్ చేతిలో కుక్కాడు.

"డబ్బులొద్దండి. బిల్లు అసలే వద్దు. నా పేరు మాత్రం ఎక్కడా రానివ్వకండి. మా అమ్మాయి పెళ్లి ఉంది."

"మా నాయినది ఎండదెబ్బ సారూ," అన్నాడు మహేశ్వర్.

"అట్లాగే రాయించండి," అన్నాడు శశిధర్ కృతజ్ఞతతో. షట్టరు పూర్తిగా కిందికి దిగింది.

కాగితం విప్పి చూస్తే గైడ్ వేరే మోడల్‌ది. వేలెడు పొడవు ఎక్కువ. షట్టరు ఎంత కొట్టినా తెరుచుకోలేదు. ఉన్నదానితోనే వెనక్కి బయలుదేరారు. సగం దారిలో మహేశ్వర్ ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది.

బండి పక్కకు ఆపి రెండోసారి కోసం చూశారు. మోగలేదు. ఒకటే. అంటే పిట్ట ముట్టింది, అమ్మ తింటున్నది. మహేశ్వర్ రోడ్డు పక్క హోటల్ బల్ల మీద కూలబడి, మూడు రోజుల్లో మొదటిసారి ఆకలిగా ఉందని గ్రహించాడు. మిరపకాయ బజ్జీలు చెప్పాడు. శ్రీను తినలేదు.

"ముట్టిందంటవా?"

"ముట్టింది బావా."

"అయితే నా మందు బందేనా?"

"మాటిచ్చినవ్ గదా."

శ్రీను తన పళ్లెం కూడా మహేశ్వర్ వైపు జరిపాడు. మామ పోయిన రోజున కూడా అతని ముఖం అంత చిన్నబోలేదు. తీరుబడిగా చాయ తాగి లేచేసరికి ఫోను మళ్లీ మోగింది. మహేశ్వర్ ఎత్తాడు.

"కింద సిగ్నల్ లేక రెండోది కలువలేదురా," అన్నాడు బీరన్న. "తుమ్మచెట్టు ఎక్కి చేస్తున్న. ముట్టలే. ఏడున్నరు?"

శ్రీను ముఖం వెలిగింది. మామ ఆత్మ శాంతించలేదని విని అంత సంతోషించిన అల్లుణ్ణి మహేశ్వర్ ఎక్కడా చూడలేదు. చిన్నాయన ఎక్కి కూర్చున్న చెట్టు మీదికి కాకులు ఎట్లా వస్తాయని అడగాలనుకుని, కాలం వృథా అని మానుకున్నాడు.

మంగ్త్యా గైడ్‌ను ఎగాదిగా చూసి, ఆకురాయి అందుకున్నాడు. చివర రాకి, మూల కోసి, సుత్తితో నాలుగు పోట్లు వేశాడు.

"గిట్ల పెడితె ఆగుతదా?" అన్నాడు మహేశ్వర్.

"ఎన్ని రోజులు ఆగాలె?"

"ఒక్క పూట."

"ఒక్క పూటకు గ్యారంటీ. జోరుగ మాత్రం తిప్పకు."

పొద్దు వాలుతుండగా మహేశ్వర్ తండ్రి బండి మీద, శ్రీను తన బండి మీద చెలక చేరారు. ఈలోగా విస్తరి పక్కన కొత్త సరంజామా చేరింది. సత్తమ్మ తమ్ముడు మట్టయ్య మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. బీరన్న ఎవరి ఫోన్‌తోనో ఆయనకు కబురు చేశాడు. గైడ్ అంటే ఏమిటో తెలియని మట్టయ్య, మిల్లు లారీలు బాగుచేసేచోట దొరికిన ఇనుప సామానంతా గోనె సంచిలో వేసుకుని వచ్చాడు. తళతళలాడే ఆ ముక్కలను బోటీ కూర చుట్టూ వరసగా పేర్చాడు.

"వీటిల ఏదన్న ఒకటి బావకు నచ్చుతది," అన్నాడు మహేశ్వర్‌తో.

ఉన్న కాకులు కూడా ఆ తళుకు చూసి పక్క చేనుకు పోయాయి.

మహేశ్వర్ బండిని మట్టికుప్ప దగ్గర నిలిపాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. కొత్త గైడ్ మీద చైన్ మెత్తగా జారుతున్నది. చెవి దగ్గర పెట్టుకుని వింటే తప్ప చప్పుడు లేదు. వెనుక వరసలో కూర్చున్నవాళ్లు తిరిగి కూడా చూడలేదు. శోభ ఒడిలో తల పెట్టుకుని పడుకున్న సత్తమ్మ కళ్లు తెరిచింది.

"ఎవరొచ్చిన్రు?"

"నాయిన బండి అమ్మా. బాగైంది."

ఆమె కొంతసేపు విన్నది. "కాదు," అని మళ్లీ కళ్లు మూసుకుంది. "ఆయన బండి గిట్లుండదు."

మహేశ్వర్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి చొక్కాలను పోయిన మరునాడే చాకలికి ఇచ్చారు. మంచాన్ని తగలబెట్టారు. మనిషి వెళ్లాక లోకంలో అతనివిగా మిగిలేవి అతని గుణాలు కావేమో, లోపాలేనేమో. ఆ మిగిలిన ఒక్క లోపాన్నీ తానే రోజంతా తిరిగి, ఎండలో మాడి, బాగు చేయించి తెచ్చాడు.

"అన్నకు ఇనపడొద్దా?" అన్నాడు బీరన్న. మహేశ్వర్ వారించేలోపలే వచ్చి యాక్సిలరేటర్‌ను చివరికంటా తిప్పాడు. ఇంజన్ అరిచింది. లోపల టక్కుమని ఏదో విరిగింది.

గరగర మొదలైంది.

ఇంటి నుంచి వెంట వచ్చి గట్టు కింద పడుకున్న కుక్క లేచి తోక ఊపింది. శోభ ఒడిలోంచి సత్తమ్మ లేచి కూర్చుంది. కళ్లు తుడుచుకోలేదు, ఎవరి చేయీ పట్టుకోలేదు. తన కోసం తెచ్చిన కంచాన్ని చెంబులో నీళ్లతో కడిగింది. అన్నం పెట్టింది, కూర వేసింది, తీసుకెళ్లి మట్టికుప్ప పక్కన ఉంచింది. ఎదురుగా చతికిలబడి, ఒక మనిషి నిమ్మళంగా తినేంత సేపు కూర్చుంది. ఆ తర్వాత కంచాన్ని తన ముందుకు లాక్కుని మొదటి ముద్ద కలిపింది.

నలభై మందిలో ఒక్కరూ కాకి మాట ఎత్తలేదు.

"పాడైతుందిరా," అని గొణిగి బీరన్న తాళం వైపు చేయి చాచాడు. మహేశ్వర్ ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపకు సిన్నాయనా. నడవనీ."

తల్లి తింటున్నంత సేపూ ఇంజన్ తనను తాను తింటూనే ఉంది. చైన్ లోపలి గోడలకు కొట్టుకుంటున్నది, నూనె మాడిన వాసన వస్తున్నది, సందుల్లోంచి పొగ లేస్తున్నది. సత్తమ్మ చివరి ముద్ద తిని నీళ్లు తాగింది. ఆ తర్వాత కొద్ది క్షణాలకు గైడ్ ముక్క ఎక్కడో అడ్డుపడి, బండి ఒక్కసారి వణికి ఆగిపోయింది. మళ్లీ ఎవరెన్నిసార్లు తన్నినా లేవలేదు.

సూర్యాపేట నుంచి మంగ్త్యా ఫోను చేశాడు. "అన్నా, గైడ్ ఆగిందా?"

"ఆగింది," అన్నాడు మహేశ్వర్. "పూటకు సరిపోయింది."

పొద్దు గూకేదాకా కాకి విస్తరి ముట్టలేదు గనుక ఇచ్చిన మాటలేవీ చెల్లవని నలుగురినీ అడిగి నిర్ధారించుకున్నాక, విస్తరి పక్కనున్న కల్లు సీసాను శ్రీను ముట్టాడు.