ఆల్ఫ్ కాపాడిన వంతెన

కౌన్సిల్ వాళ్ళు ఏ పనీ జనం మేలు కోరి చేయరు. ఆల్ఫ్ కెర్షాకు ఈ సంగతి నలభై ఏళ్ళుగా తెలుసు. అందుకే సోమవారం పొద్దున, టీ తాగి కంచె బాగు చేసుకుందామనుకున్నవాడు, వాగు మీది పాత చెక్క వంతెనకు పసుపు చొక్కాల వాళ్ళు వైర్లు బిగిస్తుంటే చూసి కప్పు కింద పెట్టేశాడు. అవతలి గట్టునే శ్మశానం. అక్కడ అతని భార్య డల్సీ ఉంది. ఆదివారం ఆదివారం పది నిమిషాల నడక. చూపు సరిగా ఆనక బండి తోలడం మానేశాడు. వంతెన పోతే చుట్టుదారి నలభై ఆరు కిలోమీటర్లు.

“బళ్ళు లెక్కపెడుతున్నారు,” అన్నాడు, పశువుల లారీ నడిపే నెవిల్‌తో. “తక్కువొస్తే మూసేస్తారు. ఎగువ రోడ్డుకి తారు ఎలా పడింది? వాళ్ళు లెక్కపెట్టిన వారమంతా అటూ ఇటూ తిరిగాం కాబట్టే కదా!”

“అప్పుడు బళ్ళు లెక్కపెట్టే రబ్బరు గొట్టాలు రోడ్డుకి అడ్డంగా వేశారు. ఇవి కింద దూలాలకి కట్టారేంటి?”

“దొంగచాటు లెక్క. నీకు బుర్రుంటే లారీ ఎందుకు తోలతావ్? రేపట్నుంచి దీని మీదే తిరుగు, ఖాళీగా మాత్రం రాకు. ఊరికే తిరుగుతున్నావని పసిగడతారు.”

మంగళవారం నెవిల్ ముప్ఫై కోడెలతో ఆరుసార్లు దాటాడు. బుధవారం గోధుమ లారీలు కలిశాయి. శుక్రవారానికి ఊరి ఫైరింజను కూడా నిండా నీళ్ళతో వరసలో చేరింది. ఆల్ఫ్ గట్టు మీద కుర్చీ వేసుకుని చెయ్యి ఊపుతూ అందరినీ పంపించాడు.

మరుసటి సోమవారం టెగన్ అనే కౌన్సిల్ ఇంజనీరు వచ్చింది. “పెద్దాయనా, ఇక్కడ రోజూ ఇంత బరువు పోతుందా?”

“ఇంకా ఎక్కువే పోతుందమ్మా.”

ఆమె ముఖం వాడిపోయింది. “పాత కాగితాల ప్రకారం దీన్ని తీసేయాలి. నిజంగా పడే బరువు తక్కువని కొలిచి చూపించి నిలబెడదామనే ఆ వైర్లు కట్టాం. కార్లూ ట్రాక్టర్లే అయితే ఇరవై ఏళ్ళు ఉండేది.”

ఆల్ఫ్ వంతెన వైపు చూశాడు. “అంత బరువు... పోయిన వారమే. నేనే రమ్మన్నాను.”

టెగన్ వంతెన కిందికి వేలు చూపించింది. “శుక్రవారం రెండు దూలాలు పగిలాయండీ, ఇక మూసేయక తప్పదు. ఒక్క మాట మమ్మల్ని అడిగుంటే...”

“నడిచైనా వెళ్ళనివ్వరా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆదివారం ఆల్ఫ్ నెవిల్ లారీ ఎక్కి చుట్టు తిరిగి శ్మశానానికి వెళ్ళాడు. డల్సీ పక్కన కూర్చుని కంచె సంగతి, వాన సంగతి చెప్పాడు. ఏ దారిన వచ్చాడో చెప్పలేదు. ఇక చెప్పడు.