మంత్రిగారు పెరిగిన కొద్దీ

కొండ మీది ఊరికి రైలు వేసి తీరతానని మా మంత్రిగారు ప్రకటించారు. మాట ఇచ్చి ఊరుకునే మనిషి కాదు, వెంటనే బొమ్మ రైలు చేయించారు. ఆయన ఆఫీసులో టైపిస్టుని నేను. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మా అక్క ఉండేది ఆ కొండ మీదే. కిడ్నీలు పాడయ్యాయి. రక్తం శుద్ధి చేయించాల్సిన ప్రతిసారీ బావా నేనూ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి కింద ఆస్పత్రికి మోసుకెళ్తాం.

బల్ల మీద కొండ, సొరంగం, జిగురుతో గట్టిగా అతికించిన పట్టాలు. స్టేషన్లో జెండా ఊపుతూ మంత్రిగారి బొమ్మ, బియ్యపుగింజంత.

"ఇందులో నేనెక్కడయ్యా?"

చీఫ్ ఇంజనీరు భూతద్దం అందించాడు.

"నన్ను చూడ్డానికి భూతద్దమా? పెంచండి!"

బొమ్మ రెండింతలైంది. ఆయన లోపల ఇమడాలి కాబట్టి రైలుపెట్టెలూ రెండింతలయ్యాయి. పట్టాలు మాత్రం ఊడి రాలేదు.

"చిన్న ఇబ్బంది సార్," అన్నాడు ఇంజనీరు. "ఇది బ్రాడ్ గేజ్ నమూనా. బల్ల మీద పట్టాలు అలాగే ఉండి మనిషి రెండింతలైతే, కొండ మీద వేసే పట్టాల వెడల్పు సగమైనట్టు లెక్క. నేరో గేజ్ అయిపోతుంది."

"నేరో అంటే తక్కువా?"

"నాజూకు సార్."

"అయితే కానివ్వండి."

ఎంత విశాల హృదయం!

తర్వాత పార్టీ అధ్యక్షులు చూడ్డానికొచ్చారు. ఆయనకీ ఒక బొమ్మ పెట్టాలి, అది మంత్రిగారి బొమ్మంతే ఉంటే ఏం మర్యాద? దాన్ని రెండింతలు చేశారు. ఆయన కోసం పెట్టెలూ పెరిగాయి. పక్కన పసివాడిలా కనిపిస్తున్నానని మంత్రిగారు నొచ్చుకుంటే, ఆయన్ని వినయంగా అధ్యక్షుల భుజం దాకా పెంచారు. అసలు పట్టాలు మళ్ళీ సగమయ్యాయి. మంత్రిగారు ఆమోదించిన నమూనాని మార్చే ధైర్యం ఎవరికుంది? కొండ మీద మూరెడు వెడల్పున పట్టాలు పరిచి, వాటి మీద నిలువెత్తు పెట్టె నిలబెట్టారు.

ప్రారంభం రోజున, తొలి రైల్లోనే ఆస్పత్రికి తీసుకెళ్దామని అక్కని కుర్చీతో సహా స్టేషన్‌కి తెచ్చాం. అధ్యక్షులూ మంత్రిగారూ ఎక్కి కిటికీ వైపు కూర్చున్నారు. పెట్టె అటు ఒరిగింది.

"పట్టుకోండయ్యా!" అని అరిచారు మంత్రిగారు.

ఎక్కడానికొచ్చిన జనమంతా పెట్టెకి భుజాలానించారు. బావా నేనూ కుర్చీ దింపి పరిగెత్తాం.

"ఆవిణ్ణీ ఎక్కించండి, పాపం," అన్నారు మంత్రిగారు లోపల్నుంచి.

"పట్టేవాళ్ళు చాలరు సార్," అన్నాడు ఇంజనీరు.

అక్క నా వైపు చూసి నీరసంగా నవ్వింది. "జాగ్రత్తరా తమ్ముడూ. నన్ను మోసినట్టే మొయ్యండి. వాళ్ళకి అలవాటుండదు."

 చెయ్యి వదిలితే మంత్రిగారు లోయలో ఉంటారు. రైలు నడిచింది, మేమూ దాంతో నడిచాం. వాళ్ళిద్దర్నీ కింద స్టేషన్లో క్షేమంగా దింపి, చప్పట్లు కొట్టి, అక్కని తేవడానికి బావా నేనూ మళ్ళీ కొండెక్కాం.