సమ్మర్ స్ట్రీట్‌లో సన్మానం

ఆ శనివారం పొద్దున ఈశ్వరప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు స్వెట్టర్లు తొడుక్కోవాలి, కెమెరా, దాని స్టాండు కారులో పెట్టుకోవాలి, చడీచప్పుడు లేకుండా సిడ్నీలోని పెండిల్ హిల్ నుంచి ఒక్కడే ఆరెంజ్ అనే ఊరు వెళ్ళాలి. కొండలు దాటి పడమరగా మూడున్నర గంటల దారి. సాయంత్రం ఆ ఊళ్ళో మంచు పడుతుందని వాతావరణ శాఖవాళ్ళు చెప్పారు. వీధి దీపాలు వెలిగాక, మంచు కురుస్తుండగా, నరసంచారం లేని వీధిని ఒకే ఒక్క ఫొటో తీసుకుని వచ్చేయాలి.

ఆ ఒక్క ఫొటో మీద ఆయన పరువు వేలాడుతోంది. పెండిల్ హిల్ ఫొటోగ్రఫీ క్లబ్బువాళ్ళు ఏటా చలికాలంలో లైబ్రరీలో ప్రదర్శన పెడతారు. ఈ ఏడాది అంశం 'మంచు రాత్రి, నగర వీధి'. మంచు ఎరగని ఊళ్ళో కూర్చుని ఇలాంటి అంశం పెట్టగలగడమే ఆ క్లబ్బు గొప్పతనం. ఈశ్వరప్రసాద్ అందులో ఆరేళ్ళుగా సభ్యుడు. ఆరేళ్ళుగా క్లబ్బు అధ్యక్షురాలు మార్గరెట్ ఆయన ఫొటోలు చూడటం, "చాలా బాగున్నాయి, కానీ ఇవి ఫంక్షన్ ఫొటోలు కదా" అని తియ్యగా తిరిగి ఇచ్చేయడం జరుగుతూనే ఉంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయన వారమంతా ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగి, శనాదివారాలు ఫొటోగ్రాఫరు. చుట్టుపక్కల ఏ తెలుగింట అన్నప్రాసన జరిగినా, గృహప్రవేశం జరిగినా "గడ్డం కొంచెం పైకి, కళ్ళు ఆర్పకండి" అనే ఆయన గొంతు వినిపించాల్సిందే.

ఈసారి మాత్రం లైబ్రరీ గోడకు ఎక్కి తీరాలని నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయంలో ఒక చిన్న తొందరపాటు దొర్లింది. ఇంకా ఫొటో తీయకముందే తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో "మన ఫొటో ప్రదర్శనకు వెళ్తోంది, ప్రారంభోత్సవానికి అందరూ రావాలి" అని ప్రకటించేశాడు. గ్రూపు నిండా దండాలు, చప్పట్లు, పూలగుత్తులు కురిశాయి. ఫొటో పంపడానికి గడువు సోమవారం. పంపడానికి ఆయన దగ్గర ఉన్నవల్లా ఆ పూలగుత్తులే.

"ఒక్కరే వెళ్తారా? ఆ చలికి ముక్కు ఊడి చేతిలోకి వస్తుందండీ," అంది భార్య నీలిమ.

"ఖాళీ వీధి కావాలి నీలిమా. ఒక్క మనిషి కనపడినా ఫొటో పాడైపోద్ది."

"నేనేమన్నా వీధి మధ్యలో నిలబడతానన్నానా? కార్లో కూర్చుంటా. పులిహోర కలుపుతాను, దార్లో తినొచ్చు. లాస్యని కూడా తీసుకెళ్దాం, వదిలేస్తే రోజంతా ఫోనుతోనే ఉంటుంది."

పదిహేనేళ్ళ లాస్య తలుపు చాటు నుంచి, "ఐ హ్యావ్ ప్లాన్స్, అమ్మా!" అని అరిచింది. ఆ ఇంట్లో ప్లాన్లున్నది తనకొక్కతికే అన్న భ్రమ ఆ పిల్లకు ఇంకా పోలేదు.

పులిహోర అన్నాక కాఫీ ఉండాలి. కాఫీకి పెద్ద ఫ్లాస్కు కావాలి. ఫ్లాస్కు పక్కింటి అంజని ఆంటీ దగ్గర ఉంది. నీలిమ అడగడానికి వెళ్ళి అరగంట దాకా రాలేదు. వచ్చేటప్పటికి ఆమె వెనక ఫ్లాస్కుతో అంజని ఆంటీ, ఆంటీ వెనక పొడుగాటి ఉన్ని కోటు, టై, తోలు బూట్లతో శివనంద్ అంకుల్ వస్తున్నారు. వాళ్ళు ఫిజీ తెలుగువాళ్ళు. అక్కడ గొడవలయ్యాక సిడ్నీ వచ్చి స్థిరపడ్డారు. అంకుల్ తెలుగు ఆయన అవ్వ దగ్గర నేర్చినది. ఆవిడ పోయాక అందులో కొత్త మాటలు చేరలేదు. లోటును ఇంగ్లీషు పూడ్చింది.

"బాబూ, థర్టీ ఫైవ్ ఇయర్స్ అయె నేను ఈడికి వచ్చి. స్నో చూడలే," అన్నాడు అంకుల్. "ఈ కోటు స్నో కోసమే కొన్నా. మా అంజని నవ్వుతాది."

"నవ్వక! ముప్పై ఏళ్ళు కప్‌బోర్డ్‌కి తొడిగె కోటు," అంది ఆంటీ.

డెబ్బై దాటిన మనిషి టై కట్టుకుని మంచు చూడటానికి వస్తానంటే కాదనడానికి ఈశ్వరప్రసాద్‌కు నోరు రాలేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తెలుగు సంఘం అధ్యక్షుడు బ్రహ్మయ్యగారు.

"ఏం ప్రసాద్‌గారూ, ఇంట్లోనేనా?"

"లేదండీ, ఆరెంజ్ బయల్దేరుతున్నాం. ఎగ్జిబిషన్ పని."

"ఎగ్జిబిషన్ ఇవాళేనా? ఆరెంజ్‌లోనా? మాటమాత్రం చెప్పకుండా ఒక్కరే వెళ్తారా? సంఘం అనేది ఒకటుందని గుర్తుందా మీకు?" అని బ్రహ్మయ్యగారు పెట్టేశారు. ఆయనకు మాట పూర్తిగా వినే అలవాటు లేదు. మిగతా సగం తన అనుభవంతో పూరించుకుంటారు. తిరిగి ఫోను చేసి విడమరిచి చెబుదామనుకున్నాడు గానీ, ఈలోగా నీలిమ పులిహోర గిన్నె ఆయన చేతుల్లో పెట్టింది.

ఆరెంజ్ చేరేసరికి చీకటి పడుతోంది. ఆ ఊరి ప్రధాన వీధి పేరు సమ్మర్ స్ట్రీట్. వేసవి పేరు పెట్టుకుని ఎముకలు కొరికే చలితో వణుకుతోంది. దుకాణాలు మూసేశారు. పాతకాలపు భవనాల ముందు దీపాలు ఒక్కొక్కటిగా వెలిగాయి. ఈశ్వరప్రసాద్ అందరినీ కార్లోనే ఉండమని ఒట్టు వేయించుకుని, వీధి పొడవునా కనిపించేలా స్టాండు నిలబెట్టాడు. చేతులు గడ్డకట్టి మీట నొక్కలేకపోవచ్చని, కొన్ని సెకండ్లకోసారి కెమెరా తనంతట తానే ఫొటో తీసుకునేలా పెట్టాడు.

అప్పుడు మొదలైంది మంచు. ముందు ఒక రేకు, తరువాత పది, ఆపైన లెక్కలేనన్ని. దీపం వెలుగులోకి వచ్చేదాకా కనిపించకుండా, వచ్చాక తొందరేమీ లేనట్టు మెల్లగా దిగుతున్నాయి. వీధిలో పురుగు లేదు. ఆయన గుండె నిండిపోయింది. ఆరేళ్ళ తియ్యటి అవమానం ఈ రాత్రితో తీరిపోతుందనుకున్నాడు. మీట నొక్కాడు.

కెమెరా మొదటిసారి 'టిక్కు'మనే లోపల హారను కొట్టుకుంటూ ఒక తెల్ల వ్యాను వచ్చి సరిగ్గా దీపం కింద ఆగింది. తలుపు జరిగింది. అందులోంచి బ్రహ్మయ్యగారు, ఆయన వెనక కార్యవర్గం, కార్యవర్గం వెనక చుట్టచుట్టిన బ్యానరు దిగాయి.

"హాలెక్కడండీ?" అన్నారు బ్రహ్మయ్యగారు, చేతులు రుద్దుకుంటూ.

"హాలేంటండీ? ఇక్కడ హాలేమీ లేదు. దయచేసి కొంచెం పక్కకి..."

"హాలు ఇవ్వలేదా!" బ్రహ్మయ్యగారి గొంతు వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. "చూశారా? మనవాడు ఇంత దూరం వస్తే హాలు కూడా ఇవ్వలేదు. పర్లేదు ప్రసాద్‌గారూ, మీరు బాధపడకండి. సంఘం ఉంది. ఇక్కడే చేసేద్దాం!"

"ఏం చేస్తారండీ?"

సమాధానంగా బ్యానరు విచ్చుకుంది. దాని మీద 'అభినందన సభ' అని ఉంది. కింద పేరు రాసుకోవడానికి ఖాళీ వదిలారు. తెలుగు సంఘం వ్యానులో స్టెప్నీ టైరు ఉన్నా లేకపోయినా, ఒక శాలువా, ఒక దండ, ఇలాంటి బ్యానరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఎక్కడ ఎవరు ఏ గొప్ప పని చేస్తారో చెప్పలేం కదా.

ఈశ్వరప్రసాద్ వాళ్ళను తోసేయడానికే వెళ్ళాడు. ఆ మాట దైవసాక్షిగా నిజం. కానీ దగ్గరికి వెళ్ళేసరికి శాలువా భుజాల మీద పడింది, దండ మెడలో పడింది, బ్రహ్మయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"ఆస్ట్రేలియా ఖండంలో మంచును కెమెరాలో బంధించిన తొలి తెలుగు బిడ్డ మన ఈశ్వరప్రసాద్!"

తొలి బిడ్డ అన్నది పచ్చి అబద్ధం. పైగా ఆయన ఇంకా బంధించలేదు కూడా. ఆ మాట చెబుదామని నోరు తెరిచాడు. అంతలో రెండో వాక్యం వచ్చింది. అది మొదటిదానికన్నా బాగుంది. మూడో వాక్యంలో ఆయన చూపును డేగ చూపుతో పోల్చారు. ఇంత మంచి ఉపన్యాసాన్ని మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించి ఈశ్వరప్రసాద్ నోరు మూసుకున్నాడు. కాసేపటికి కళ్ళు కూడా మూసుకున్నాడు.

ఈలోగా చప్పట్లు విని నీలిమ ఆగలేకపోయింది. ఒట్టును కార్లోనే వదిలి పులిహోర గిన్నెతో దిగింది. సభ అన్నాక జనానికి ఏదో ఒకటి పెట్టకపోతే ఎలా? వీధి చివరి పబ్బులోంచి గ్లాసులతో సహా ఐదారుగురు బయటికి వచ్చారు. దండ, శాలువా చూసి అది పెళ్ళి అనుకున్నారు. "పెళ్ళికూతురు ఎక్కడ?" అని ఒకాయన అడిగితే, ఇంకొకాయన నీలిమను చూపించి టోపీ తీశాడు. ఆమె ఆయన చేతిలో పులిహోర పెట్టింది. లాస్య టోపీ ముఖం మీదికి లాక్కుని, "ఓ మై గాడ్, ఐ డోంట్ నో దీజ్ పీపుల్," అంటూ అవతలి పేవ్‌మెంట్ మీదికి నడిచింది.

బ్రహ్మయ్యగారు "ఇంతటితో" అన్నారు. మంచు ఆగిపోయింది.

ఆగడమంటే ఎవరో కొళాయి కట్టేసినట్టు ఆగింది. ఈశ్వరప్రసాద్ కళ్ళు తెరిచేసరికి వీధి నిండా బూటు ముద్రలు, బురద, రాలిన పోపు దినుసులు. ఆకాశంలో నక్షత్రాలు కూడా వచ్చేశాయి.

"మీరు తీయాల్సిన ఫొటో తీసేసుకున్నారుగా?" అని అడిగారు బ్రహ్మయ్యగారు, ఆయన వీపు తట్టి. ఈశ్వరప్రసాద్ తల ఊపాడు. కాదందామంటే ఆ వీపు మీద ఇంకా శాలువా ఉంది.

తిరిగొచ్చే దారంతా కార్లో శివనంద్ అంకుల్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. ఈశ్వరప్రసాద్ మనసులో గ్రూపులో పెట్టాల్సిన వాక్యాలు రాసుకుంటూ, కొట్టేసుకుంటూ వచ్చాడు. 'కొన్ని అనివార్య కారణాల వల్ల' అన్నదాని తరువాత కలం నడవలేదు. అనివార్య కారణం తానే. నాలుగు పొగడ్తలకు నిలువునా కరిగిపోయి, మంచును వదిలేసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒక్క ఖాళీ ఫొటో అయినా దొరక్కపోతుందా అని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. సభ జరిగినంత సేపూ కెమెరా తన పని తాను చేసుకుపోయింది. ఖాళీది ఒక్కటీ లేదు. మొదటిదాంట్లో వ్యాను, రెండోదాంట్లో బ్యానరు, ఆ తరువాత అన్నిటిలోనూ జనమే. ఒక్కొక్కటీ చూస్తూ, తిట్టుకుంటూ పోతున్నవాడు ఒకచోట ఆగిపోయాడు.

మంచు ఉద్ధృతంగా పడుతోంది. బ్రహ్మయ్యగారు చూపుడు వేలు ఆకాశానికి ఎత్తారు. ఆ వేలి మీద కూడా మంచు వాలింది. నీలిమ తన తల సంగతి మరిచిపోయి గిన్నె మీద మూత పెడుతోంది. పబ్బు పెద్దమనిషి టోపీ గుండెకు ఆనించుకుని అరచేతిలోని పులిహోరను అనుమానంగా చూస్తున్నాడు. అవతలి పేవ్‌మెంట్ మీద లాస్య, ఎవరూ చూడటం లేదనుకుని, నాలుక చాపి మంచు పట్టుకుంటోంది. వీటన్నిటికీ దూరంగా, దీపం కింద, కోటు వేసుకున్న శివనంద్ అంకుల్ గుళ్ళో తీర్థం పట్టినట్టు దోసిలి పట్టి నిలబడ్డాడు. ఆయన మంచును చూస్తున్నాడు. అంజని ఆంటీ మంచును చూడటం లేదు, ఆయన్ని చూస్తోంది.

ఈశ్వరప్రసాద్‌కు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో తాను తీసిన ఫంక్షన్లలో ఎవరూ ఇలా లేరు. తాను ఉండనివ్వలేదు. గడ్డాలు ఎత్తించి, కళ్ళు తెరిపించి, అందరినీ ఒకేలా నిలబెట్టాడు. ఇందులో అందరూ అచ్చం వాళ్ళలాగే ఉన్నారు. ఇది తన కెమెరా. ఇంత ఎత్తులో, ఈ కోణంలో, ఈ దీపాన్ని చూసి నిలబెట్టింది తానే. వీళ్ళంతా తన మనుషులే. ఛాతీ దానంతట అదే ఉబ్బింది.

వెనక నుంచి నీలిమ తొంగి చూసింది. "బాగుందండీ. కానీ మీ కళ్ళు మూసుకుపోయాయి."

"ఉండనీ."

"నోరు కూడా కొంచెం తెరుచుకుంది."

"ఉండనీ నీలిమా," అని పంపే మీట నొక్కేశాడు.

ప్రారంభోత్సవం నాడు లైబ్రరీ కిటకిటలాడింది. మిగతా ఫొటోలన్నీ ఖాళీ వీధులే. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ అందంగా, అన్నీ చలిగా ఉన్నాయి. మధ్య గోడ మీద ఒక్క ఫొటోలోనే జనం ఉన్నారు, దాని ముందరే జనం ఉన్నారు. శివనంద్ అంకుల్ అదే కోటుతో వచ్చి, వచ్చినవాళ్ళందరికీ తనను తాను వేలితో చూపించుకున్నాడు. లాస్య తన స్నేహితురాళ్ళను పిలుచుకొచ్చి, "దట్స్ మై డాడ్స్ ఫొటో," అంది. ఆ ఒక్క మాటకు ఈశ్వరప్రసాద్ పది శాలువాలు వదులుకోగలడు.

మార్గరెట్ చాలాసేపు ఫొటో ముందు నిలబడి, ఆఖరికి ఆయన దగ్గరికి వచ్చి చేయి కలిపింది. ఆరేళ్ళలో మొదటిసారి ఆమె 'కానీ' అనలేదు.

"ఇంతమందిని, ఎవరి లోకంలో వాళ్ళుండేలా ఎలా నిలబెట్టారు? ఆ మధ్యలో కళ్ళు మూసుకున్న మీరైతే అద్భుతం, ఎంత సహజంగా నటించారో! అసలు ఎన్నిసార్లు రిహార్సల్ చేయించారు?" అని అడిగింది.

"నాలుగుసార్లు," అన్నాడు ఈశ్వరప్రసాద్, నీలిమ వైపు చూడకుండా.