ప్రతి ఇంటికీ ఒక పేటెంట్ ఎగ్జామినర్

ప్రతి ఇంటికీ కుళాయి ఉండాలి, కరెంటు ఉండాలి అంటారు. నేనంటాను, ప్రతి ఇంటికీ ఒక పేటెంట్ ఎగ్జామినర్ ఉండాలి!

నవ్వకండి. ఊరికే అనడం లేదు. నాలుగేళ్లపాటు ఒక ఎగ్జామినర్‌తో వేగిన ఇల్లు మాది. వేగాక అనిపించిందేమిటంటే, ఆయనలాంటి వాళ్లు లేకుండా ఇన్నాళ్లూ సంసారాలు ఎలా నెట్టుకొచ్చామా అని!

తెలియని వాళ్లకి రెండు ముక్కలు చెబుతాను. మీరు కొత్తగా ఒక వస్తువు కనిపెట్టారనుకోండి. 'ఇది నాది, నన్నడగకుండా ఇంకెవరూ చెయ్యకూడదు' అని ప్రభుత్వం చేత కాగితం రాయించుకోవడమే పేటెంట్. ఆ కాగితం ఇచ్చేముందు ఆఫీసులో ఒకాయన కూర్చుని, మీది నిజంగా కొత్తదేనా అని భూతద్దం పెట్టి వెతుకుతాడు. ఆయనే ఎగ్జామినర్. పాతదే అని తేలిందా, ఇక ఆయన ఆనందానికి పట్టపగ్గాలుండవు!

మా మనవరాలు కనిపెట్టింది జిగురు.

మా అబ్బాయిది బూట్లు బాగుచేసే షాపు. ఇంటి కింది భాగంలోనే. మంటలార్పే వాళ్లు, ఆస్పత్రిలో నేల కడిగే వాళ్లు, రోజంతా నిలబడి పనిచేసే వాళ్లంతా నోళ్లు తెరిచిన బూట్లు పట్టుకొని వస్తుంటారు. ఇవాళ సోలు అతికించి పంపితే మూడు నెలలకి మళ్లీ అదే బూటు, అదే నోరు. పుట్టింది మొదలు ఆ వాసనలోనే పెరిగిన పిల్ల, కెమిస్ట్రీ చదివొచ్చి, షాపు వెనక గది ఆక్రమించి, "నాన్నా, ఊడని జిగురు చేసిస్తా" అంది. అది పాలీయురెథేన్ జిగురు. ఆ పేరు పలకడానికి నాకు వారం పట్టింది. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

దాని గుణమేమిటంటే, గాలిలో తేమ తగిలితే గట్టిపడుతుంది. చిక్కూ అక్కడే ఉంది. తేమ చాలకపోతే వారమైనా పచ్చిగానే ఉంటుంది. ఒక్కసారిగా ఎక్కువైతే లోపల బుడగలొస్తాయి. బుడగలున్న జిగురు బూటును ఎంతకాలం పట్టుకుంటుంది? ఆ బుడగల మీద మా పిల్ల ఆరేళ్లు యుద్ధం చేసింది. చివరికి వాడేముందు కలిపే ఒక పొడి పట్టుకుంది. అది తేమను తనలో దాచుకొని, కొంచెం కొంచెంగా వదులుతుంది. పచ్చీ లేదు, బుడగా లేదు. మంటలార్పే అతని బూట్లు రెండేళ్లయినా నోరెత్తలేదు!

ఆ గదంటే ఆమెకెంత పట్టుదలంటే, అందులోకి చీమ రావాలన్నా అనుమతి కావాలి. ఒకసారి వారం రోజులు ముసురు పట్టి, ఉతికిన దుప్పటి ఎక్కడ ఆరెయ్యాలో తెలియక ఆ గదిలో తాడు కట్టి ఆరేశాను. ఎంత రాద్ధాంతం!

"నానమ్మా, ఇది ల్యాబ్! దండెం కాదు!"

"దుప్పటి ఏమన్నా నీ జిగురు తాగేస్తుందా ఏమిటే?" అని నేనూ తగ్గలేదనుకోండి. రెండు రోజులు మాటల్లేవు.

సరే, అసలు విషయానికొస్తాను. ఒక పెద్ద బూట్ల కంపెనీ వాళ్లు వచ్చి జిగురు చూశారు, లాగారు, పీకారు, ఊడలేదు. "పేటెంట్ వస్తే మీతో కలిసి చేస్తాం. రాకపోతే మేమే చేసుకుంటాం" అని చక్కగా నవ్వుతూ చెప్పి వెళ్లారు. అంటే ఆరేళ్ల కష్టం పిల్లదిగా మిగలాలో, ఊరందరిదీ అయిపోవాలో తేల్చేది ఆ ఎగ్జామినర్ ఒక్కడే.

ఆయన మొదటి ఉత్తరం పధ్నాలుగు నెలలకి వచ్చింది. అందులో పదకొండు అభ్యంతరాలు. 'బాగా అతుకుతుంది' అన్నారు, బాగా అంటే ఎంత? 'తగినంత పొడి' అన్నారు, తగినంత అంటే ఎంత? జవాబులు రాయడానికి ఒక ఏజెంటును పెట్టుకున్నాం. ఒక్క కామా కోసం పూటంతా వాదించే మనిషి కనుక నేనాయనకు కామా గారు అని పేరు పెట్టాను.

అన్నిటికన్నా గొప్ప అభ్యంతరం ఏడోది. ఫలానా పాత పత్రంలో జిగురుంది, దాని పేరు డి-1. ఫలానా ఇంకో పత్రంలో పొడి ఉంది, దాని పేరు డి-2. ఆ రెండూ కలిపితే ఈ జిగురు వస్తుందని పని తెలిసిన ఎవరికైనా తడుతుంది, ఇందులో కనిపెట్టిందేముంది, అని. మరి ఆ ఎగ్జామినర్ వాళ్ల నాన్న ముందే ఉన్నాడు, వాళ్లమ్మా ముందే ఉంది. ఆయన పుట్టుకలో మాత్రం కొత్తదనమేముందట?

కానీ కోపం పక్కనపెట్టి ఆలోచించండి. ఈ చూపు మన ఇళ్లలో ఉంటే ఎంత హాయి!

మా మరిది ఒకాయన ఉన్నాడు. నలుగురు కూర్చుంటే చాలు, బస్సులో దొంగను పట్టుకున్న కథ ఎత్తుకుంటాడు. ఎగ్జామినర్ ఉంటే ఏమంటాడు? 'నవ్యత లేదు. ఇదే కథ గత ముప్పై ఏళ్లలో నలభై సార్లు వెలువడినది. పైగా మొదటిసారి దొంగ ఒక్కడే, ఇప్పుడు ముగ్గురు. కారణము తెలుపవలెను.' ఆ దెబ్బతో మా మరిది నోట మాటుంటుందా?

ఎన్నికలప్పుడు మైకు పట్టుకొని వచ్చే నాయకుడి పక్కన ఆయన్ని నిలబెట్టండి. 'ఈ హామీ గత నాలుగు ఎన్నికలలోనూ కనిపించినది. పనిచేసినట్లు ఒక్క ఉదాహరణైనా జతచేయలేదు.' అయిపోయింది, మైకు కట్టేసి ఇంటికెళ్లడమే! మేడ మీది అమ్మాయికి ఎదురింటి కుర్రాడు 'నువ్వు లేకపోతే బతకలేను' అని రాస్తే, 'ప్రయోగ ఫలితములు జతపరచుడు' అంటాడు. మా అబ్బాయి బూట్లు తెచ్చిన ప్రతివాడికీ 'రేపు రండి' అంటాడు. ఏ రేపో రాసిమ్మని నిలదీసే మొనగాడు మా షాపుకొక్కడు కావాలి!

ఇంతకన్నా పెద్ద మేలు ఇంకోటి చేశాడాయన. అది నాకే చేశాడు.

ఒక సోమవారం కామా గారు రొప్పుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. చేతిలో రెండో ఉత్తరం.

"అమ్మగారూ, మీరు పత్రికలో ఏమన్నా రాశారా?"

"ఇరవై ఏళ్లుగా ఇంటి చిట్కాలు రాస్తున్నాను నాయనా. ఏది నచ్చింది?"

"జిగురు గురించి. మనం దరఖాస్తు పెట్టడానికి మూడు వారాల ముందు."

మనవరాలి చేతిలో గరిటె ఆగిపోయింది. "నానమ్మా! ఎవరికీ చెప్పనని మాటిచ్చావు కదా!"

"చెప్పలేదే తల్లీ! పక్కింటావిడకి చెప్పలేదు, సొంత చెల్లెలికి చెప్పలేదు. పెదవి కదిపితే ఒట్టు. రాశాను, అంతే!"

మా అబ్బాయి తల పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిపోయినది ఇక కొత్తది కాదట. దానికి పేటెంట్ ఇవ్వరట. మనవరాలి గొప్ప చెప్పుకోవాలన్న సంబరంలో, నా చేత్తో నేనే దాని నోటి దగ్గర ముద్ద లాగేశాను.

ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, ఆ ఏడుపులో రవ్వంత గర్వం కూడా కలిసింది. ఉత్తరంలో చూశాను కదా, డి-1 రాసింది ఒక ప్రొఫెసర్. డి-2 రాసింది ఒక కంపెనీ. డి-3 రాసింది నేను! 'చూడుడు: డి-3, మూడవ పేరా, గోరువెచ్చగా కాచి.' ఇరవై ఏళ్లలో నా రాతలు చివరిదాకా చదివిన మనిషి మా ఇంట్లో లేడు. అక్కడెక్కడో కుర్చీలో కూర్చున్న పరాయివాడు పేరాలు లెక్కపెట్టి మరీ చదివాడు!

విచారణ కంప్యూటర్‌లో జరిగింది. తెర మీద కళ్లజోడు, దాని వెనక ఎగ్జామినర్, ఆయన వెనక ఫైళ్ల గోడ. ఇటు మనవరాలు, కామా గారు, మధ్యలో నేను. మా అబ్బాయి తోలు కుట్టే సూది చేతిలోనే పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఈ వ్యాసం మీరే రాశారా?"

"నేనే బాబూ. ఎలా ఉంది?"

"అంటే... బానే ఉందండి. 'గోరువెచ్చగా కాచి' అన్నారు. ఎన్ని డిగ్రీలు?"

"వేలు పెడితే చురుక్కుమనకూడదు, చల్లగానూ ఉండకూడదు."

ఆయన రాసుకున్నాడు. తలెత్తాడు. "ఎవరి వేలు?"

నేను నా వేలు చూసుకున్నాను. అరవై ఏళ్లుగా పొయ్యి దగ్గర కాలిన వేలు. దానికి చురుక్కుమనాలంటే పిల్లల వేళ్లు బొబ్బలెక్కిపోతాయి!

"పోనీ, 'పొడి ఒక పిడికెడు వేసి' అన్నారు. ఎవరి పిడికిలి?"

"అది నా పిడికిలి కాదు బాబూ. మా మనవరాలిది."

"ఏ పొడో రాయలేదు."

"తెల్లగా ఉంటుందని రాశాను కదా!"

కామా గారు బల్ల కింద నా కాలు నొక్కాడు. ఎగ్జామినర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, ఒక్క మాట చెప్పండి. మీ వ్యాసం చదివి ఎవరైనా ఈ జిగురు చెయ్యగలరా?"

ఎందుకు చెయ్యలేరు, నా వ్యాసాలు చదివి ఎంతమంది ఊరగాయ మరకలు వదిలించుకోలేదు, ఎంతమంది బిగుసుకుపోయిన సీసా మూతలు తీసుకోలేదు! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మనవరాలి వైపు చూశాను. పిల్ల ఊపిరి తీసుకోవడం లేదు.

"చెయ్యలేరు బాబూ" అన్నాను.

అది చాలదట, రాసివ్వాలట. కామా గారు ఒక ప్రమాణపత్రం తయారుచేశాడు. 'సదరు రచనలో వినియోగించదగిన సమాచారమేదియు లేదనియు, సదరు రచయిత్రికి విషయమునందు ఎట్టి అవగాహనయు లేదనియు, దానిని చదివిన వారికి ఎట్టి ప్రయోజనమును కలుగదనియు' ఉంది అందులో.

"కొంచెం మెత్తగా రాయకూడదా?" అన్నాను.

"మెత్తగా రాస్తే నమ్మరండి" అన్నాడు.

"నానమ్మా, నీకిష్టం లేకపోతే వద్దు" అంది మనవరాలు, కళ్లెత్తకుండా.

"ఇలా తే ఆ కలం!" అన్నాను.

సంతకం పెట్టాను. 'బాగా' అంటే ఎంత అని అడగడానికి పధ్నాలుగు నెలలు తీసుకున్న ఆఫీసు, నా రాతల్లో ఏమీ లేదని ఒప్పుకోవడానికి తొమ్మిది రోజులే తీసుకుంది! ఒక్క అభ్యంతరం లేదు. 'ఏమీ లేదు' అంటే ఎంత లేదు, అని ఒక్క ప్రశ్నైనా అడగలేదు. ఆ ఆఫీసులో అంత వేగంగా కదిలిన కాగితం ఇంకోటి లేదని కామా గారే అన్నాడు.

పేటెంట్ వచ్చింది. బూట్ల కంపెనీ వాళ్లు మళ్లీ నవ్వుతూ వచ్చారు, ఈసారి కుర్చీలో కూర్చుని మనవరాలు చెప్పింది విన్నారు. మా అబ్బాయి ఆ కాగితాన్ని షాపులో అద్దం కట్టించి పెట్టాడు.

ఇక అయిపోయింది కనుక, ఆరేళ్లుగా కడుపులో దాచుకున్న మాటొకటి చెబుతాను. ఇప్పుడు చెబితే ఎవరికీ నష్టం లేదని కామా గారు చెప్పాకే రాస్తున్నాను.

నేను దుప్పటి ఆరేసి తిట్లు తిన్న రోజు గురించి చెప్పాను కదా. ఆ సాయంత్రం చూస్తే, అప్పటిదాకా పచ్చిగానో బుడగలుగానో ఏడిపించిన జిగురు, బల్ల మీద బూటును పట్టుకొని ఉంది. కోసి చూస్తే లోపల ఒక్క బుడగ లేదు. సగం ఆరిన దుప్పటి రోజంతా కొంచెం కొంచెంగా తేమ వదిలింది మరి! మనవరాలు బూటు చూసింది, దుప్పటి చూసింది, నన్ను చూసింది. ఆ మర్నాటి నుంచి దుప్పటిలా తేమ వదిలే పొడి కోసం వెతకడం మొదలెట్టింది.

మరి నా వ్యాసంలో ఆ దుప్పటి ఎందుకు రాయలేదంటారా? సొంతింట్లో మనవరాలి చేత తిట్లు తిన్నానని ఎవరైనా పత్రికలో రాసుకుంటారా! పౌరుషమొచ్చి వదిలేశాను. పనికొచ్చే ముక్క అదొక్కటే. ఎగ్జామినర్ గారికి నేను రాసిచ్చినదాంట్లో అబద్ధం లేదు.

మొన్న పేటెంట్ కాగితాలు నలభై రెండు పేజీలూ మనవరాలి చేత చదివించుకున్నాను. నూనెలున్నాయి, పొడులున్నాయి, శాతాలున్నాయి, డిగ్రీలున్నాయి. ఆగి అడిగాను.

"దుప్పటి ఏదే?"

అది నా భుజం మీద గడ్డం ఆనించి నవ్వింది. "దుప్పటి అని రాస్తే ఆయన 'ఎవరి దుప్పటి?' అని అడుగుతాడు నానమ్మా."

అడగమనండి! ఆ ప్రశ్న కోసమే కదా నేను నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నది.