హెడ్డుగారి విరక్తి కనబడుటలేదు

సినిమాలు బాగుపడాలంటే ముందు నిర్మాతల దగ్గర డబ్బు లేకుండా చేయాలి! ఇది నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. చీకటి సినిమానే తీసుకోండి. నేరం, పొగ, నీడలు, లోకం మీద విసిగిపోయిన ఒక పోలీసు... అంతేగా? లైట్లు అద్దెకు తెచ్చుకోలేనివాడి కంటే చీకటిని బాగా చూపించగలవాడెవడు?

మా డైరెక్టరుకు ఆ అర్హత నిండుగా ఉంది. మూతబడ్డ సైకిల్ షాపు సంపాదించి, షట్టరు సగం దించి, కిటికీకి నల్ల దుప్పటి కట్టాడు. మిట్టమధ్యాహ్నమే కారుచీకటి! బయట ‘పోలీస్ స్టేషన్’ అని బోర్డు. ఇక హీరో అంటారా? సొంత యూనిఫారం ఉన్నవాణ్ణే పెట్టుకున్నాడు.

ఆయన నిజం హెడ్ కానిస్టేబులు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఏదో పోయిందని ఎవరైనా స్టేషనుకొస్తే రాసుకోబోయేవాడు, ఇన్‌స్పెక్టరు పెన్ను లాక్కునేవాడు. “రాస్తే కేసవుతుందయ్యా! కేసులు పెరిగితే మన ఏరియాకి చెడ్డపేరు.” అలా రాయక రాయక హెడ్డుగారి మొహం వెలిసిపోయింది. డైరెక్టరు ముచ్చటపడింది ఆ మొహాన్ని చూసే! “ఇంట్లో ఉసూరుమంటూ కూర్చునే బదులు, అదేదో కెమెరా ముందు కూర్చోండి” అని భార్య కూడా సాగనంపింది. పది రోజులు సెలవు పెట్టి వచ్చేశాడు.

మొదటి రోజు విరక్తి అమోఘంగా పండింది. రెండో రోజు షాట్ మధ్యలో షట్టరు కిందనుంచి వంగి ఒకావిడ లోపలికొచ్చింది. వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ.

“అయ్యా, నా కుట్టుమిషను ఎత్తుకుపోయారు. మా ఇంటిల్లిపాదికీ అదే అన్నం పెడుతోంది. ఆ పెద్ద స్టేషన్లో మూడుసార్లు పొమ్మన్నారు.”

‘ఇది సినిమా తల్లీ’ అనబోయిన హెడ్డుగారు కుర్చీ ముందుకు జరిపాడు. “కూర్చోమ్మా. ఏ రంగు మిషను?” అన్నాడు. టేబులు మీద ఉన్నది ఉత్తుత్తి రిజిస్టరే, పెన్ను మాత్రం నిజంది. రాశాడు. ఒక పేజీ నిండా రాశాడు!

“కట్! విరక్తి ఏదండీ? మొహం అలా వెలిగిపోతోందేంటి? నా లైటింగ్ పాడైపోతోంది!” అని డైరెక్టరు గగ్గోలు.

వినేదెవరు? టైలరమ్మను వెంటబెట్టుకుని హెడ్డుగారు పాత ఇనుము కొట్లన్నీ గాలించాడు. నాలుగో కొట్లో, గోనెసంచుల కింద మిషను దొరికింది. ఆవిడ చక్రం ఒకసారి తిప్పి చూసుకుని బావురుమంది. హెడ్డుగారు గోడకేసి తిరిగి గట్టిగా దగ్గాడు. వెనకాలే పరిగెత్తుకొచ్చిన కెమెరామన్ అంతా తీశాడు. క్లైమాక్స్ కాణీ ఖర్చు లేకుండా అయిపోయింది!

మర్నాటికి షట్టరు ముందు క్యూ. మేక తప్పిపోయినవాడు, తలుపు విరిగినవాడు, అల్లుడి చేత తన్నులు తిన్న మామగారు... అందరికీ కుర్చీ వేశారు. ఉన్నది ఒక్కటే గనుక వంతులవారీగా.

నాలుగో రోజు ఇన్‌స్పెక్టరు ఊడిపడ్డాడు.

“ఏమయ్యా, ఇక్కడ ఫిర్యాదులు తీసుకుంటున్నావట? ఇది నకిలీ స్టేషనని జనానికెలా తెలుస్తుంది?”

“లోపలికొస్తే తెలిసిపోతుంది సార్. కూర్చోమంటాం” అన్నాడు హెడ్డుగారు.

బోర్డు పీకించారు. హెడ్డుగారిని ఊరి చివరి చెక్‌పోస్టుకు బదిలీ చేశారు. ఆయన ఈలవేస్తూ ఇంటికెళ్తే, భార్య ప్రమోషనేమో అనుకుంది!

సినిమా విడుదలైంది. చీకటి అద్భుతమన్నారు, నీడలకు చప్పట్లు కొట్టారు. చూశారా, నేను చెప్పలేదూ? నా పక్క సీటాయన మాత్రం బయటికొస్తూ పెదవి విరిచాడు.

“అంతా సహజంగానే ఉంది గానీ, పోలీసాయన కుర్చీ వేసి మరీ ఫిర్యాదు రాసుకోవడమేంటండీ? ఈ సినిమావాళ్లు ఎప్పుడైనా స్టేషన్ మొహం చూశారా అసలు!”